చదువుకొను పిల్లలకు జ్ఞాపకశక్తి మందు

సంక్రాంతి పండుగ వెళ్ళినది మొదలు పదవ తరగతి పరీక్షలు ముగియువరకు నా వైద్యశాలకు ఒక ప్రత్యేకమైన తరహా రోగులు వచ్చుచుందురు. వారికి జ్వరము లేదు, దగ్గు లేదు. తమంతట తాము రారు. తల్లియో తండ్రియో వెంటబెట్టుకొని వత్తురు. కూర్చున్నంతసేపు తల వంచుకొని గోళ్ళు చూచుకొనుచుందురు. మాట్లాడునది పెద్దవారే. "వైద్యులు గారండీ, మావాడికి మంచి జ్ఞాపకశక్తి మందొకటి ఇవ్వండి, పరీక్షలు దగ్గరకొచ్చేసినాయి" అనునది వారి కోరిక. మా రాయవరమునుండియే కాక మాచవరము, పసలపూడి, సోమేశ్వరము, చెల్లూరు, వెదురుపాక గ్రామములనుండి కూడ ఈ కోరికతో వచ్చువారు చాలమంది. ఇన్నేండ్ల అనుభవములో నేను గ్రహించినదేమనగా, అట్లు వచ్చిన పిల్లలలో జ్ఞాపకశక్తి నిజముగా తక్కువైనవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. మిగిలినవారికి తక్కువైనది వేరొకటి. అది ఏమిటో కనుగొనుటకు ఇంటిలోని పెద్దలు ఎట్లు తోడ్పడవలెనో నాకు తెలిసినంతవరకు వివరించెదను.

బియ్యము నమలు అమ్మాయి

కొన్నేండ్ల క్రిందట ఒక రైతు, ఆయన భార్య తమ కుమార్తెను తీసికొనివచ్చినారు. వయస్సు 15, పదవ తరగతి. ఎనిమిదవ తరగతివరకు తరగతిలో మొదటి ముగ్గురిలో నిలిచిన పిల్ల. దసరా సెలవుల తరువాత మార్కులు పడిపోయినవి. "చదివింది చదివినట్టే మర్చిపోతందండి. పుస్తకం పట్టుకుంటే నిద్ర. ఆటకీ రాదు, పాటకీ రాదు" అని తండ్రి వాపోయినాడు. ఆయనకు తోచిన కారణము సోమరితనము.

నేను నాడి చూచి, క్రింది కనురెప్ప లాగి చూచినాను. లోపల ఎర్రగా ఉండవలసినచోట తెల్లగా పాలిపోయి ఉన్నది. ఆహారము ఎట్లు తీసికొనునని తల్లిని అడిగితిని. "అన్నం సరిగా తినదండి. బియ్యం మాత్రం దొరికితే చాలు, బస్తా దగ్గర కూచుని నమిలేస్తది. ఎంత తిట్టినా మానదండి, ఆయ్" అని ఆమె నవ్వుచు చెప్పినది. అందరికీ అది నవ్వులాటగానే ఉన్నది, ఆ పిల్లకు తప్ప.

బియ్యము, మట్టి, సుద్ద, బలపము నమలవలెనను కోరిక దుష్టమైన అలవాటు కాదు. రక్తములో ఇనుము తగ్గినవారిలో ఇది తరచుగా కనబడు లక్షణము. మట్టి తినువారికి కలుగు పాండురోగమును చరకుడు ఒక ప్రత్యేక భేదముగా చెప్పినాడు. పాండురోగికి బలము తగ్గును, ఆయాసము వచ్చును, అన్నముపై రుచి ఉండదు, ఏ పనియందును ఉత్సాహము పుట్టదు. మెదడునకు ప్రాణవాయువును మోసికొనిపోవునది రక్తమే గనుక, రక్తము పలుచబడిన పిల్లకు పాఠము తలకెక్కకపోవుటలో వింత ఏమున్నది?

తండ్రిని కొబ్బరిబొండము తెమ్మని బయటికి పంపి, తల్లి సమక్షములో పిల్లను నెమ్మదిగా అడుగగా అసలు సంగతి బయటపడినది. ఆమెకు బహిష్టు ఏడెనిమిది దినములుండును, స్రావము ఎక్కువ. ఏడాదిగా ఇట్లే జరుగుచున్నది. "అమ్మకు చెప్తే బడి మాన్పించి కూచోబెడతారేమోనని చెప్పలేదు తాతగారూ" అన్నది. తల్లి ముఖము చూడవలసి వచ్చినది. రక్తపరీక్ష చేయింపగా హీమోగ్లోబిన్ 8.2 గ్రాములు. ఈ వయస్సు ఆడపిల్లకు 12కు తగ్గరాదు.

నేను లేహ్యము ఇచ్చి పంపి ఉండినచో ఆ తండ్రి సంతోషించెడివాడు, పిల్లకు మాత్రము మరికొన్ని నెలలు వృథా అయ్యెడివి. అధికస్రావమునకు కారణము తెలిసికొనుటకు స్త్రీల వైద్యురాలి వద్దకును, ఇనుము మాత్రలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకును చీటి వ్రాసి పంపితిని. పాండురోగమునకు మన శాస్త్రములో లోహభస్మములతో కూడిన నవాయస చూర్ణము, పునర్నవా మండూరము వంటి యోగములున్నవి. అనగా ఇనుమే మందని మన పూర్వులకు కూడ తెలియును. అయినను స్రావము ఎక్కువగా ఉన్న పిల్ల విషయములో పరీక్ష లేకుండ వీటిని ఇచ్చుట నాకు సమ్మతము కాదు. తండ్రి రిక్తహస్తములతో పోవుటకు ఇష్టపడక, "ఏదో ఒకటి ఇవ్వండి" అని పట్టుబట్టగా, మా ఇంటిలో దంచిన చిమ్మిలిని లేహ్యపు సీసాలో పెట్టి ఇచ్చినాను. దానికి ఆయన డబ్బులు కూడ ఇవ్వబోయినాడు!

ఈ సంగతి ఒక్క ఇంటిది కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 19 ఏండ్ల ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. అదే వయస్సు మగపిల్లలలో నూటికి 31 మంది. కావున మగపిల్లవాడు గదా అని ఉపేక్షింపరాదు.

ఆహారము

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారము 13–15 ఏండ్ల ఆడపిల్లకు దినమునకు 30 మిల్లీగ్రాముల ఇనుము కావలెను. మగపిల్లవానికి 22. వారి తండ్రికి 19 చాలును. ఈ మూడు అంకెలను తల్లులు ఒక్కమారు తలపోయవలెను. మన ఇండ్లలో గుడ్డు, చేప, చారులోని ముక్క, పెరుగు మీది మీగడ మొదట ఎవరి కంచములో పడుచున్నవి? ఇంటిలో అందరికంటె ఎక్కువ ఇనుము కావలసిన మనిషి కడపట కూర్చొని, మిగిలినది తినుచున్నది.

దానిమ్మ, బీటురూటు ఎర్రగా ఉండుటచే రక్తము పట్టునని చాలమంది నమ్మకము. రంగునకు, ఇనుమునకు సంబంధము లేదు. ఈ రెండింటిలోను 100 గ్రాములకు ఒక మిల్లీగ్రాము ఇనుమైనను ఉండదు. అవి తినదగినవే గాని, అంత వెలపోసి కొని వాటిపై ఆధారపడుట తగదు. బెల్లము ఒక్కదానితోను రక్తము పట్టదు. నువ్వులలో 100 గ్రాములకు 9 మిల్లీగ్రాములకు పైగా ఇనుము, మెండుగా కాల్షియం కలవు. తోటకూర, మునగాకు, శనగలు, ఉలవలు మంచివి. మాంసాహారులకు కార్జము, చేపలు శ్రేష్ఠము. వాటిలోని ఇనుము ఆకుకూరలలోని దానికంటె సులభముగా ఒంటబట్టును. ఆకుకూర, పప్పు తిన్నపుడు నిమ్మరసమో, ఉసిరిక పచ్చడియో, భోజనానంతరము జామకాయయో ఉన్నచో ఇనుము మరింత చక్కగా గ్రహింపబడును. దీనికి విరుద్ధమైనది టీ. భోజనముతోనో, భోజనమైన వెంటనేనో త్రాగిన టీ, కాఫీ ఇనుమును ఒంటబట్టనీయవు. గంటకు పైగా ఎడముండవలెను. ఇనుప మూకుడులో కూర వండు పాత అలవాటు తిరిగి మొదలుపెట్టదగినది.

పాఠశాలలలో వారమునకొకటి చొప్పున ఇచ్చు నీలిరంగు ఇనుము మాత్ర 2013లో దేశమంతట ప్రారంభమైన పథకములోనిది. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ ఆమ్లము ఉండును. పిల్లలు దానిని కిటికీలోనుండి పారవేయుట నేనెరుగుదును. కడుపులో త్రిప్పునని, మలము నల్లగా వచ్చునని వారి భయము. మలము నల్లబడుట సహజము. అన్నము తిన్న తరువాత మ్రింగినచో వికారము తగ్గును. నులిపురుగుల మాత్ర కూడ ఏడాదికి రెండుమార్లు వేయవలెను. ఎంత మంచి ఆహారమైనను నులిపురుగులున్న కడుపులో సగము వృథా.

మా ప్రక్కనే ఉన్న మండపేటలో 1841లో జన్మించి, లంకల గన్నవరము కోడలై, వేళగాని వేళ వచ్చినవారికి సైతము అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు వినని గోదావరి ప్రాంతీయులుండరు. 2024లో మన రాష్ట్రమునందలి బడి మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినారు. 2025 జనవరినుండి ప్రభుత్వ జూనియర్ కళాశాలలలో కూడ భోజనము పెట్టసాగినారు. మధ్యతరగతి తల్లిదండ్రులు ప్రైవేటు పాఠశాలకు పంపుచు, "మావాడికి అటువంటి భోజనం అక్కర్లేదు" అని అనుకొనుట కద్దు. ఉదయము ఏడు గంటల బస్సునకు ఖాళీ కడుపుతో పరుగెత్తి, మధ్యాహ్నము చల్లారిన పులిహోర నాలుగు ముద్దలు తిని, సాయంకాలము బస్టాండు వద్ద బజ్జీలతో కడుపు నింపుకొను పిల్లవానికంటె, వేళకు వేడి అన్నము, గుడ్డు తిన్న సర్కారు బడి పిల్లవాడు ఎక్కువ అదృష్టవంతుడని నా అభిప్రాయము.

ఉదయము తినుటకు వ్యవధి లేదను పిల్లలకు మూడు సులభోపాయములు చెప్పుదును. మొదటిది చద్దన్నము. రాత్రి అన్నములో పాలు పోసి తోడు వేసి, ఉదయము ఉల్లిపాయముక్కతో ఇచ్చినచో ఐదు నిమిషములలో తినవచ్చును. రెండవది రాగిజావ. రాగులలో 100 గ్రాములకు సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం కలదు. ఎదుగు పిల్లలకు దినమునకు 1000 మిల్లీగ్రాములు కావలెను గనుక ఇది చాల మేలు చేయును. రెండు చెంచాల పిండిని చన్నీటిలో కలిపి, మరుగు నీటిలో పోసి ఉడికించి, మజ్జిగతోగాని పాలు బెల్లముతోగాని ఇయ్యవలెను. మూడవది చిమ్మిలి. నల్ల నువ్వులు రెండు గ్లాసులు దోరగా వేయించి, గ్లాసుంబావు బెల్లముతో దంచి నిమ్మకాయంత ఉండలు చేయవలెను. పెద్దమనిషి అయిన పిల్లకు చిమ్మిలి, సున్నుండలు పెట్టు ఆచారము మన పెద్దలు ఊరకే పెట్టినది కాదు. అయితే ఆ పది దినములతో ఆపివేయుచున్నారు. దినమునకొక ఉండ చొప్పున చదువు ముగియువరకు పెట్టవచ్చును. నువ్వులు ఉష్ణవీర్యము గనుక స్రావము ఎక్కువగా ఉండు పిల్లలకు ఆ దినములలో మానవలెను.

నిద్ర

శరీరమును నిలబెట్టు ఉపస్తంభములు మూడని చరకుడు చెప్పినాడు: ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము. సుఖదుఃఖములు, పుష్టి, కృశత్వము, జ్ఞానము, అజ్ఞానము నిద్రపై ఆధారపడునని కూడ ఆయన మాట. జ్ఞానమును నిద్రతో ముడిపెట్టిన ఈ భావమును నేటి పరిశోధనలు బలపరచుచున్నవి. పగలు చదివినది మెదడులో స్థిరపడునది నిద్రలోనే. నిద్ర తగ్గించి చదువుట చిల్లుకుండలో నీరు పోయుట వంటిది.

13 నుండి 18 ఏండ్లవారికి దినమునకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరము. ఇచ్చట తల్లిదండ్రులు తెలియవలసిన శరీరధర్మమొకటి ఉన్నది. యౌవనము ప్రవేశించునపుడు నిద్రను రప్పించు స్రావము మెదడులో మునుపటికంటె ఆలస్యముగా ఊరును. తొమ్మిదింటికి నిద్రపోవు పిల్లవాడు పదకొండింటివరకు మేలుకొనుట కేవలము అవిధేయత కాదు. అటువంటివానిని తెల్లవారుజామున నాలుగింటికి లేపి కూర్చోబెట్టి, "బ్రాహ్మీ ముహూర్తంలో చదివితే బుర్రకెక్కుతుంది" అందురు. బ్రాహ్మీ ముహూర్తమున లేవవలెనని వాగ్భటుడు చెప్పిన మాట నిజమే. ఆయన స్వస్థుడు లేవవలెనన్నాడు. ఐదు గంటలు నిద్రించినవాడు స్వస్థుడెట్లగును? తెల్లవారుజాము చదువే కావలెనన్నచో రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లంతయు దీపములార్పవలెను. హాలులో టీవీ మ్రోగుచుండగా పిల్లవానిని మాత్రము పడుకొమ్మనుట కుదరదు. సెల్‌ఫోను విషయము కూడ అంతే. రాత్రివేళ ఇంటిలోని ఫోనులన్నియు, తండ్రిగారి ఫోనుతో సహా, ఒకేచోట పెట్టవలెను.

నిద్రకు మంచి గృహచికిత్స పాదాభ్యంగము. రాత్రి పడుకొనుటకు ముందు గోరువెచ్చని నువ్వులనూనెను గాని, మా ప్రాంతములో సులభముగా దొరకు కొబ్బరినూనెను గాని అరికాళ్ళకు పది నిమిషములు మర్దించవలెను. తల, చెవులు, పాదములకు విశేషముగా నూనె పట్టింపవలెనని దినచర్యాధ్యాయములో కలదు.

సరస్వతి ఆకు సంగతి

జ్ఞాపకశక్తి మందులే లేవా అని పాఠకులు అడుగవచ్చును. కలవు. మండూకపర్ణి స్వరసము, యష్టిమధు చూర్ణము, తిప్పతీగ రసము, శంఖపుష్పి కల్కము అను నాలుగింటిని చరకుడు మేధ్య రసాయనములుగా చెప్పినాడు. మనము సరస్వతి ఆకు అనునది మండూకపర్ణి. బ్రాహ్మి మరొక మొక్క. అంగడిలో రెండింటిని ఒకే పేరుతో అమ్ముచున్నారు. బ్రాహ్మిపై నేడు జరిగిన పరీక్షలలో సుమారు 12 వారములు వాడినవారికి జ్ఞాపకశక్తిలో కొంత మేలు కనబడినది. ఆ పరీక్షలు చాలవరకు పెద్దవారిపై జరిగినవి. కొందరికి వికారము, విరేచనములు కలిగినవి. ఫిబ్రవరిలో మొదలుపెట్టి మార్చి పరీక్షలకు ఫలితము కోరువారు ఈ లెక్క గమనింపవలెను. తిప్పతీగను విచ్చలవిడిగా వాడిన కొందరికి కాలేయము దెబ్బతిన్నట్లు 2020 తరువాత మన దేశములోనే వైద్యులు ప్రకటించినారు. అరిష్టములలో పులియుటవలన సహజముగా ఏర్పడిన మద్యాంశము ఉండును. కావున సీసాపై సరస్వతీదేవి బొమ్మ చూచి కొని త్రాగింపరాదు. పథ్యము, నిద్ర సరిపడిన తరువాత, వైద్యుడు పిల్లవానిని చూచి ఇచ్చినపుడే ఇవి పనిచేయును.

మనస్సు

పదునారేండ్లవరకు ధాతువులు పరిపక్వము కావని, అటుపై ముప్పదివరకు ధాతువులు వృద్ధిచెందుచుండగా మనస్సు నిలకడ లేక ఉండునని చరకుని వయోవిభాగము. ఆలోచించి అడుగువేయించు మెదడు ముందుభాగము ఇరువదియైదేండ్ల వరకు ఎదుగుచునే ఉండునని నేటి శాస్త్రము. పదునైదేండ్ల పిల్లవాడు తలుపు ధడాలున వేసికొని పోయినంతమాత్రమున వంశము చెడినట్లు కాదు.

నా తప్పొకటి ఇచ్చట చెప్పుకొనవలెను. మా పెద్దవాడు ఇంటర్మీడియట్‌లో లెక్కలు తప్పినాడు. నేను కొట్టలేదు, తిట్టలేదు. పదకొండు దినములు వానితో మాట్లాడలేదు. అది నా నిగ్రహమని అనుకొంటిని. ఆ దినములలో మా అమ్మ రాత్రివేళ వాని ప్రక్కన కూర్చొని, ఒక్క ప్రశ్న వేయక, అరికాళ్ళకు నూనె రాచెడిది. చాల సంవత్సరముల తరువాత, వానికే పిల్లలు పుట్టిన పిమ్మట, వాడు చెప్పినాడు: "రెండుసార్లు ఇల్లు విడిచిపోదామని చెప్పులేసుకున్నాను నాన్నగారూ. నాయనమ్మ నూనెగిన్నె పట్టుకుని ఎదురుచూస్తుంటుందని వెనక్కొచ్చాను." ఇంటిలో వైద్యుడు నేను. వైద్యము చేసినది ఆమె.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చిన దినములలో ఇరువది మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనినారు. ఆ వార్తలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లవాడు రెండు వారములకు పైగా తిండి, నిద్ర, ఆట, స్నేహితులు అన్నిటిని వదలినను, తనకిష్టమైన వస్తువులు ఇతరులకు పంచిపెట్టుచున్నను, "నేను లేకపోతే మీకు బాధ లేదు" వంటి మాట నోట వచ్చినను దానిని బెదిరింపుగా కొట్టివేయరాదు. చనిపోవలెనని అనిపించుచున్నదా అని సూటిగా, కోపము లేక అడుగవలెను. అడిగినంతమాత్రమున లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా విడువక, మానసిక వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. 2022లో ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 నంబరుపై రాత్రింబవళ్ళు ఉచితముగా ఫోను చేయవచ్చును; తెలుగులో మాట్లాడుదురు. ఇటువంటి స్థితిలో నా వంటివాని లేహ్యములపై ఆధారపడి కాలయాపన చేయరాదు.

ఫలితములు వెలువడుటకు ముందే, అనగా పిల్లవాడు ఇంకను ఏమియు తప్పకముందే, ఒక సంగతి ఇంటిలో మాట్లాడుకొనవలెను. తప్పినవారికి కొద్ది వారములకే సప్లిమెంటరీ పరీక్షలు జరుగును. ఉత్తీర్ణులైనచో సంవత్సరము పోదు. ఈ మాట తండ్రి నోట ముందుగా వినిన పిల్లవానికి ఫలితముల దినము వేరుగా ఉండును.

పరీక్షల దినములలో

క్రొత్త ఆహారము, క్రొత్త మందు మొదలుపెట్టరాదు. ఇడ్లీ, పెసరట్టు, పెరుగన్నము వంటి అలవాటైన తిండి పెట్టవలెను. మ్రొక్కు పేరిట పిల్లలచే ఉపవాసము చేయింపరాదు. ఉండదలచిన పెద్దలు ఉండవచ్చును. మార్చి ఎండలకు మజ్జిగ, కొబ్బరినీరు ఇయ్యవలెను. బహిష్టు నొప్పికి పొత్తికడుపుపై వేడినీళ్ళ సంచి, వామునీరు చాలవరకు ఉపశమించును. నొప్పితో వ్రాయలేని స్థితి నెలనెల వచ్చుచున్నచో పరీక్షలకు రెండు నెలలు ముందే వైద్యురాలికి చూపవలెను.

ఆ రైతు కుమార్తెకు మూడు నెలలకు హీమోగ్లోబిన్ 11.4కు వచ్చినది. బియ్యము నములుట అంతకుముందే మానినది. పదవ తరగతిలో తండ్రి ఆశించిన మార్కులు రాలేదు గాని మంచి మార్కులే వచ్చినవి. ఆ తరువాత ఆయన మరల వచ్చినాడు, ఈమారు కుమారునితో. వాడు తొమ్మిదవ తరగతి. నేను నోరు తెరువకముందే, "వీడు పన్నెండింటిదాకా ఫోను చూస్తన్నాడండి, అది కూడా రాసుకోండి" అన్నాడు. సీసా కూడ తెచ్చుకొన్నాడు, చిమ్మిలి కొరకు.